ఊళ్లో టీచర్ ఉద్యోగమా, హైదరాబాద్‌లో కంపెనీ జీతమా: రెండింటినీ ఒకే కొలతతో కొలవడం ఎలా?

ప్రశ్న: చీమకుర్తి అమ్మాయి

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. ఎమ్మెస్సీ గణితం, ఆ తరువాత బీఎడ్ పూర్తి చేసి, డీఎస్సీ ఎప్పుడు వేస్తారో తెలియక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాను. చూస్తుండగానే ఆరేళ్లు గడిచాయి. ఇటీవలి డీఎస్సీలో ప్రకాశం జిల్లాలో గణితం స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాను. చేరాలా వద్దా అన్న విషయంలో ఇంట్లో రెండు వారాలుగా ఏకాభిప్రాయం కుదరడం లేదు. ఎవరి మాటలోనూ తప్పు కనిపించడం లేదు కానీ, ఇద్దరి లెక్కలూ ఒకచోట కలవడం లేదు.

ముందుగా అంకెలు చెబుతాను. కంపెనీ నాకిచ్చిన కాగితంలో ఏడాదికి 14 లక్షల సీటీసీ (కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) అని ఉంటుంది. అందులో యాజమాన్యం వాటా పీఎఫ్ 84 వేలు, గ్రాట్యుటీ పేరుతో 33 వేల పైచిలుకు, ఆరోగ్య బీమా ప్రీమియం 12 వేల పైచిలుకు, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం 1,40,000 కలిసి ఉన్నాయి. ఈ చివరిది ఒక ఏడాది పూర్తిగా వచ్చింది, మరో ఏడాది సగమే వచ్చింది. ఇవన్నీ తీసివేస్తే నెలకు 94 వేలు, అందులో నా వాటా పీఎఫ్ 7,000, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది సుమారు 87 వేలు.

స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570 నుంచి 1,27,480 వరకు. మూల వేతనానికి కరవు భత్యం, పల్లెలో పది శాతం ఇంటద్దె భత్యం కలిపితే నెలకు 64 వేలకు కాస్త అటూ ఇటూ వస్తుందని, సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా వేసే పెన్షన్ పథకం) వాటా, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), ఆరోగ్య పథకం చందా, వృత్తి పన్ను పోగా చేతికి 56 వేల దాకా అందుతుందని ఇప్పటికే చేరినవారు చెప్పారు. అంటే నెలకు 31 వేల తేడా.

మా నాన్నగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పెన్షన్ ఒక్కటి చాలు, ఇంకేమీ ఆలోచించవద్దని ఆయన అంటున్నారు. మా మేనమామ కొడుకు, బావ, ఆ 31 వేలనూ నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో సిప్‌గా వేసుకుంటే ముప్ఫై ఏళ్లకు నా పెన్షన్ నేనే కట్టుకోగలనని, పైగా జీతం మీద 30 శాతం పన్ను ఉంటే పెట్టుబడి లాభం మీద పన్నెండున్నర శాతమే కదా అని అంటున్నాడు. నా పేరిట ఒక బ్యాంకులో 4,50,000 ఎఫ్‌డీ ఉంది, ఏటా 30 వేల వరకు వడ్డీ వస్తోంది. బ్యాంకు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోయడం లేదు కాబట్టి దాని మీద పన్ను లేదనే అనుకుంటున్నాను. ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్‌లో ఏడాది దాటిన యూనిట్లు కొన్ని ఉన్నాయి, వాటి మీద ఈ రోజుకు దాదాపు 2 లక్షల లాభం కనిపిస్తోంది.

మనసుకు ఏది నచ్చితే అది చేయమన్న సలహా చాలామంది ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. నాకు ఇక్కడ కావలసింది లెక్క. ఈ రెండు జీతాలనూ, వాటిలోంచి మిగిల్చే సొమ్ము మీద పడే పన్నునూ కలిపి ఎలా చూడాలో తెలిసినవారు చెప్పగలరా?


జవాబు: పాత ట్రెజరీ

అమ్మా, నేను ఖజానా శాఖలో 33 ఏళ్లు పని చేసి విరమించాను. అందులో సగానికి పైగా కాలం పెన్షన్ బిల్లులు చూశాను. మీ నాన్నగారి మాటను ఎంతో గౌరవిస్తూనే ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆయన చేసిన ఉద్యోగం వేరు, మీకు వచ్చిన ఉద్యోగం వేరు. హోదా పేరు ఒకటే కావడం వల్ల మన ఊళ్లలో చాలా కుటుంబాలు ఈ తేడాను గమనించడం లేదు.

మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారందరికీ సీపీఎస్ వర్తిస్తుంది. మీ నాన్నగారికి చివరి మూల వేతనంలో సగం పెన్షన్‌గా ఖరారై ఉంటుంది, దాని మీద కరవు భృతి పెరుగుతూ ఉంటుంది, అందులో 40 శాతం వరకు కమ్యుటేషన్ చేసుకుని (ముందుగానే ఒకేసారి సొమ్ముగా తీసుకుని) ఉంటే ఆ మొత్తం మీద పైసా పన్ను పడి ఉండదు. మీకు అలా కాదు. మీ మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం మీ వాటాగా కోస్తారు, ప్రభుత్వం మరో పది శాతం వేస్తుంది, ఆ రెండూ మార్కెట్‌లోని నిధికి వెళతాయి. విరమించిన రోజున ఖాతాలో ఉన్నదానిలో 60 శాతం పన్ను లేకుండా చేతికి తీసుకోవచ్చు, కనీసం 40 శాతంతో బీమా సంస్థ దగ్గర యాన్యుటీ కొనాలి. ఆ యాన్యుటీగా నెలనెలా వచ్చేది ఆ ఏటి ఆదాయంలో కలిసి పన్ను పరిధిలోకి వస్తుంది.

ఒక సందర్భం నేను మరిచిపోలేను. ఒకే ఉన్నత పాఠశాలలో పని చేసి, ఒకే ఏడాది విరమించిన ఇద్దరు మాస్టార్లు మా కౌంటరు ఎదుట ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒకాయన పాత పెన్షన్‌లో ఉన్నవారు, రెండో ఆయన నలభై దాటాక ఉద్యోగం వచ్చి సీపీఎస్‌లో చేరినవారు. మొదటి ఆయనకు నెలకు నలభై వేలకు పైగా ఖరారైంది. రెండో ఆయన యాన్యుటీ కాగితం తెచ్చి నాకు చూపించారు. అందులో నెలకు నాలుగు వేల చిల్లర రాసి ఉంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, ఇది మూడు నెలలకు ఒకసారి వచ్చేదేమో చూడండి అని అడిగారు. కాదని చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన సర్వీసు తక్కువ, మీకు ముప్ఫై ఏళ్లకు పైగా ఉంటుంది కాబట్టి మీ నిధి అంత చిన్నది కాదు. అయినా మీ నాన్నగారి పెన్షన్‌ను మీ లెక్కలో వేసుకోకండి. గ్యారంటీ పెన్షన్ చట్టం 2023లో వచ్చింది, కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకాన్ని తెచ్చింది. అవి మీకు ఏమిచ్చినా అదనమనుకోండి, ఈ రోజు నిర్ణయానికి మాత్రం ఆధారం చేసుకోవద్దు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రభుత్వంలో మీ పేరిట నెలకు రెండు వాటాలు కలిపి దాదాపు 12 వేలు జమ అవుతుంది. కంపెనీలో పీఎఫ్ రూపంలో ఇప్పటికే 14 వేలు జమ అవుతోంది. వృద్ధాప్యానికి దాచే సొమ్ములో పెద్ద తేడా లేదు. కాబట్టి ప్రభుత్వోద్యోగానికి అసలు బలం పెన్షన్ అన్నది మీ తరానికి పాతబడిన మాట. బలం మరోచోట ఉంది. 62 ఏళ్ల వరకు ఉద్యోగం పోదు, ఏటా ఇంక్రిమెంటు ఉంటుంది, 6, 12, 18, 24, 30 ఏళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు (పదోన్నతి రాకపోయినా దక్కే పై స్కేళ్లు) ఉంటాయి, సీపీఎస్ వారికీ గ్రాట్యుటీ వర్తిస్తోంది, విరమించిన తరువాత కూడా ఆరోగ్య పథకంలో కొనసాగవచ్చు, పిల్లల సంరక్షణకు 180 రోజుల సెలవు ఉంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. జీతం పెరగడం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 11వ వేతన సవరణ 2018 జూలై నుంచి అమలు కావలసి ఉండగా ఉత్తర్వులు వచ్చింది 2022 జనవరిలో. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవారికి 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ఇచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3న వేలాది మంది ఉద్యోగులు, ఉపాధ్యాయులు విజయవాడ వీధుల్లోకి రావడానికి కారణం అదే. కరవు భత్యం బకాయిలు కూడా ఏళ్ల తరబడి ఆగుతాయి. అప్పు చేసి ఇల్లు కట్టుకునేవారు ఆ బకాయిలను నమ్ముకుని వాయిదాలు పెట్టుకోవడం నేను చూశాను, వారు పడిన ఇబ్బందినీ చూశాను.

ఇంకొక మాట. మీరు రాసిన 31 వేల తేడాలో హైదరాబాద్ అద్దె ఎక్కడా లేదు. అది ఎంతో చెప్పండి.


జవాబు: ఆడిటర్ ఆఫీసు

నేను గుంటూరులో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ గారి దగ్గర పదిహేనేళ్లుగా రిటర్నులు వేస్తున్నాను. పెన్షన్ గురించి పైన పెద్దాయన చెప్పారు కాబట్టి నేను పన్ను వరకే రాస్తాను. మీ బావ గారు చెప్పిన పన్నెండున్నర శాతం నిజమే. అయితే పెట్టుబడి ఆదాయం మీద మీరు కట్టే పన్ను ఆ పెట్టుబడిని బట్టి ఎంత మారుతుందో, మీ జీతం ఏ గీత దగ్గర ఆగిందన్నదాన్ని బట్టి కూడా అంతే మారుతుంది. మీ విషయంలో ఈ రెండోదే ముఖ్యం.

బ్యాంకు టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని అర్థం కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితేనే కోస్తారు, వయోవృద్ధులకు ఆ పరిమితి లక్ష. కోసినా కోయకపోయినా వడ్డీ మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది.

ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదని అందరికీ తెలుసు. అది మినహాయింపు కాదు, రిబేటు. 4 లక్షలు దాటిన దగ్గర్నుంచి 5 శాతం, 8 దాటితే 10 శాతం, 12 దాటితే 15 శాతం, అలా 24 లక్షలు దాటినదాని మీద 30 శాతం వరకు శ్లాబులున్నాయి. మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే లెక్కకు వచ్చిన పన్నును, 60 వేల దాకా, రిబేటుగా వదిలేస్తారు.

మీ జీతాన్ని ఇందులో పెట్టి చూద్దాం. స్థిరంగా వచ్చేది ఏడాదికి 11,30,000. పనితీరు మొత్తం పూర్తిగా వచ్చిన ఏడాది 12,70,000. స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ జీతం నుంచి తీసేసే మొత్తం) 75 వేలు తీస్తే 11,95,000. పన్ను సున్నా. మీ పేరోల్ వారు కూడా అంతే చూపించి ఉంటారు. ఇప్పుడు దీనికి ఆ 30 వేల వడ్డీ కలపండి. 12,25,000 అయింది. శ్లాబుల ప్రకారం 63,750 పన్ను పడాలి, కానీ గీత కొద్దిగా దాటినవారికి మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి దాటిన 25 వేలే పన్నుగా తీసుకుంటారు, దాని మీద సెస్సు 4 శాతం, అంటే మరో 1,000. వెరసి 30 వేల వడ్డీలో 26 వేలు పన్నుకు పోతుంది, మీకు మిగిలేది 4 వేలు. 30 శాతం శ్లాబులో ఉన్న పెద్ద జీతగాడు అదే 30 వేల వడ్డీ మీద 9,360 కడతాడు. పనితీరు మొత్తం సగమే వచ్చిన ఏడాది మీ ఆదాయం వడ్డీతో కలిపినా 12 లక్షల లోపే ఉంటుంది, పన్ను ఉండదు. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కూర్చుని ఈ లెక్క చూసుకోనివారు జూలైలో రిటర్ను వేసేటప్పుడు నా బల్ల ముందు కూర్చుని ఆశ్చర్యపోతుంటారు.

టీచర్ ఉద్యోగంలో మీ జీతం ఏడాదికి 7,70,000 చుట్టూ ఉంటుంది. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 7 లక్షలకు కాస్త తక్కువ. ప్రభుత్వం వేసే పది శాతం వాటాను జీతంలో కలిపి చూపించి మళ్లీ తీసివేస్తారు కాబట్టి దానితో తేడా రాదు. అంటే 12 లక్షల గీతకు ఇంకా దాదాపు 5 లక్షల దూరం ఉంది. ఎఫ్‌డీ వడ్డీ కానివ్వండి, డివిడెండు కానివ్వండి, ఆ దూరం నిండే వరకు మీరు కట్టవలసిన పన్ను ఉండదు. జీతం తక్కువైనవారికి పెట్టుబడి ఆదాయం ఎక్కువ మిగులుతుందన్న ఈ విషయాన్ని ప్రభుత్వ, ప్రైవేటు జీతాలు పోల్చేవారిలో ఎవరూ లెక్కలోకి తీసుకోగా నేను చూడలేదు.

ఇక ఈక్విటీ ఫండ్లు, షేర్ల సంగతి. ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో 1,25,000 దాటిన లాభం మీద పన్నెండున్నర శాతం. ఏడాది లోపు అమ్మితే లాభం మొత్తం మీద 20 శాతం. రెండింటికీ సెస్సు అదనం. ఈ లాభాల మీద పన్నుకు పైన చెప్పిన రిబేటు వర్తించదు, కాబట్టి జీతం మీద పన్ను లేని టీచరు కూడా దీన్ని కట్టవలసిందే. డెట్ ఫండ్ల (బాండ్ల వంటి అప్పు పత్రాల్లో పెట్టేవి) విషయంలో చాలామంది పొరబడుతున్నారు. 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్న డెట్ ఫండ్ల లాభం ఎన్నేళ్లు ఉంచుకున్నా శ్లాబు ప్రకారమే. బంగారం, స్థలాలు రెండేళ్లు దాటితే పన్నెండున్నర శాతం. 2024 జూలై 23 కంటే ముందు కొన్న ఇల్లు, స్థలం అయితే ధరల సూచీతో సవరించి 20 శాతం కట్టే వెసులుబాటు ఇంకా ఉంది, రెండింటిలో ఏది తక్కువైతే అది.

మీ బావ గారి ముప్ఫై ఏళ్ల లెక్కలో నాకు నచ్చనిది ఒకటే. ఈ రోజు రేటును ముప్ఫై ఏళ్ల తరువాతి అమ్మకానికి వేశారు. 2004 అక్టోబరు నుంచి షేర్ల దీర్ఘకాలిక లాభం మీద పన్నే లేదు. 2018 ఏప్రిల్‌లో 10 శాతం వచ్చింది. 2024 జూలైలో పన్నెండున్నర అయింది. డివిడెండ్ల మీద 2020 వరకు కంపెనీయే పన్ను కట్టేది, ఆ తరువాత అందుకున్నవారి శ్లాబుకు మారింది. ఇరవై ఏళ్లలోనే ఇన్ని మార్పులు జరిగినప్పుడు, మీరు విరమించే నాటికి ఈ రేటే ఉంటుందనుకుని జీవితకాలపు నిర్ణయం తీసుకోవడం సరికాదు.

కష్టపడి తెచ్చుకున్న జీతం మీద 30 శాతం వేసి, కూర్చుని పొందే లాభం మీద పన్నెండున్నర వేయడం న్యాయమా అని మా ఆఫీసుకు వచ్చే ఉద్యోగులు తరచుగా అడుగుతారు. కంపెనీ తన లాభం మీద ఇప్పటికే పన్ను కట్టిందని, ఏళ్ల తరబడి పెరిగిన ధరలో కొంత భాగం ద్రవ్యోల్బణమేనని సమర్థించేవారు చెబుతారు. అందులో వాస్తవం ఉంది. కానీ అదే ద్రవ్యోల్బణం ఎఫ్‌డీ వేసుకున్న విశ్రాంత ఉద్యోగి వడ్డీని కూడా తినేస్తుంది, ఆయనకు మాత్రం ఈ తగ్గింపు రేటు లేదు. 50 వేల వరకు వడ్డీని మినహాయించే వెసులుబాటు కూడా పాత విధానంలో ఉన్న వృద్ధులకే. భద్రంగా దాచుకునేవారి మీద శ్లాబు రేటు, నష్టానికి సిద్ధపడగలిగేవారి మీద తక్కువ రేటు ఉండడం నాకు మొదటి నుంచీ బాధ కలిగించే విషయం.


జవాబు: రెండో పీరియడ్

నేను కూడా గణితమే చెబుతాను, ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో, తొమ్మిదేళ్లుగా. నా జీతం నెలకు 22 వేలు. మే నెలలో జీతం ఉండదు. పీఎఫ్ కోస్తారు గానీ నిర్ణీత చిన్న మొత్తం మీదే లెక్కిస్తారు. ఈ పోలికలన్నింటిలోనూ ప్రైవేటు అంటే సాఫ్ట్‌వేర్ అనే అనుకుంటున్నారు. మీరు చెప్పబోయే పాఠాన్నే, అదే పుస్తకంతో, అదే పదో తరగతికి చెప్పే మా లాంటివారికి ప్రభుత్వ జీతం దాదాపు మూడింతలు. ఎన్ని డీఎస్సీలు రాసినా నాకు రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోయింది.

ఇది మీ మీద ఫిర్యాదు కాదు, మీ కష్టానికి దక్కిన ఫలితం అది. పోలిక సరిగ్గా ఉండాలంటే కంపెనీ జీతం ఎంత కాలం వస్తుందో కూడా చూడాలన్నదే నా మాట. ఒకవేళ నలభై ఏళ్లకు ఆ ఉద్యోగం పోయి, మళ్లీ బోధనలోకి రావాలనుకుంటే, అప్పటికి డీఎస్సీ వయోపరిమితి దాటిపోయి ఉంటే, మీకు దొరికేది నా జీతమే.


జవాబు: నలభై నాలుగు దాటాక

మీ బావ గారి తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టి, అదే దారిలో నడిచినవాడిగా నేను రాస్తున్నాను. 2004లో ఏడాదికి 2,40,000 జీతంతో చేరాను. ఇప్పుడు 38 లక్షలు. అదే ఏడాది నాతోపాటు డిగ్రీ చదివి ఎస్జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) చేరిన స్నేహితుడి జీతంతో పోలిస్తే చాలా ఎక్కువ. మొదటి నెల తేడాను చూసి నిర్ణయించడం ఎంత పొరపాటో, ఆ తేడా అలాగే ఉండిపోతుందనుకోవడం కూడా అంతే పొరపాటు.

కానీ ఆ 38 లక్షల్లో 7,25,000 పైగా ఆదాయపు పన్నుకే పోతుంది. నా ఎఫ్‌డీ వడ్డీలో ప్రతి వంద రూపాయలకు 31 రూపాయల 20 పైసలు పోతాయి. అందుకే పదేళ్లుగా మిగులంతా ఈక్విటీ ఫండ్లలో పెడుతున్నాను. ఈమధ్య అమ్మాయి చదువుకు 10 లక్షల లాభం వచ్చేలా యూనిట్లు అమ్మితే పన్ను 1,13,750 పడింది. అదే 10 లక్షలు వడ్డీగా వచ్చి ఉంటే 3,12,000 కట్టవలసి వచ్చేది. పెద్ద శ్లాబులో ఉన్నవారికి మీ బావ గారి మాట నూటికి నూరు పాళ్లూ వర్తిస్తుంది.

నాకు ఉద్యోగం రెండుసార్లు పోయింది. 2009లో పెళ్లి కాలేదు కాబట్టి ఊరికి వెళ్లి ఉన్నాను. 2023లో మాత్రం ఏడు నెలలు జీతం లేకుండా గడపవలసి వచ్చింది. ఇంటి అప్పు వాయిదా నెలకు 52 వేలు. ఆరో నెలలో, కొని ఏడాది నిండని యూనిట్లను కూడా అమ్మాను. అప్పట్లో స్వల్పకాలిక లాభం మీద 15 శాతం ఉండేది, ఇప్పుడు 20. ఆ యూనిట్లు ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే నా పరిమితిలో పన్నే పడేది కాదు. ఓపిక పట్టగలిగినవారికే ఆ తక్కువ పన్ను రేటు దక్కుతుంది. ఓపిక పట్టాలంటే నెల జీతం ఆగకుండా రావాలి. అందుకని ఈ దారిలో ఉండాలనుకుంటే ముందుగా ఎనిమిది నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచి, ఆ తరువాతే సిప్ మొదలుపెట్టండి.


తిరిగి: చీమకుర్తి అమ్మాయి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. బ్యాంకు కోయలేదు కాబట్టి పన్ను లేదని ఆరేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఈ రాత్రి పాత రిటర్నులు తీసి చూస్తాను.

ట్రెజరీ గారూ, అద్దె నా వాటా 13 వేలు, కరెంటు, వంటమనిషి కలిపి మరో 4 వేలు, నెలకు రెండుసార్లు ఊరికి రావడానికి 3 వేలు. పోస్టింగ్ వచ్చిన బడికి మా ఇంటి నుంచి స్కూటీ మీద ఇరవై నిమిషాలు. ఇవన్నీ తీసేస్తే 31 వేల తేడా 11 వేలకు దిగింది. మీ సీపీఎస్ మాస్టారి సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన పెన్షన్ పుస్తకం తెచ్చి, నీకు ఇది రాదని నాకు ఇంతవరకు తట్టలేదమ్మా అన్నారు. అయినా చేరమనే అంటున్నారు, ఇప్పుడు ఆయన చెప్పే కారణాలు వేరు. నేను చేరాలనే నిర్ణయించుకున్నాను.

ఇంకా మూడు సందేహాలున్నాయి. టీచరుగా చేరాక సిప్ కొనసాగించవచ్చా? ఆరేళ్ల పీఎఫ్‌ను ఏం చేయాలి? 2 లక్షల లాభం ఉన్న ఆ ఫండ్‌ను అమ్మి ఇంటి పైకప్పు మరమ్మతు చేయించాలని ఉంది, పన్ను ఎంత పడుతుంది?


జవాబు: పాత ట్రెజరీ

సిప్‌కు అడ్డేమీ లేదు. 1964 నాటి ప్రవర్తన నియమావళి వద్దనేది సట్టా వ్యాపారాన్ని, అంటే రోజూ కొనడం అమ్మడం లాంటివాటిని. ఉదయం బడికి వెళ్లి ఫోనులో ఆప్షన్లు ఆడి, ఆ నష్టాలతో పాటు శాఖాపరమైన విచారణను కూడా ఎదుర్కొన్నవారున్నారు. పొదుపు కోసం పెట్టే పెట్టుబడి వేరు. ఏటా సమర్పించే ఆస్తుల వివరాల్లో ఫండ్లను కూడా చూపించండి.

చేరిన నెలలోనే ప్రాన్ (మీ పెన్షన్ ఖాతా) నంబరుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అది రానిదే మీ వాటా కోయరు, ప్రభుత్వ వాటా పడదు. ఎనిమిది పది నెలలు ఆలస్యమైనవారి ఖాతాలు నేను చూశాను. నామినీ పేరును సర్వీస్ రిజిస్టరులో ఒకచోట, ప్రాన్ ఖాతాలో మరోచోట వేర్వేరుగా రాయించాలి.


జవాబు: ఆడిటర్ ఆఫీసు

పీఎఫ్ సంగతి ముందు. అయిదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి తీసుకున్నా పన్ను ఉండదు. అలాగే వదిలేస్తే వడ్డీ పడుతూనే ఉంటుంది, కానీ ఉద్యోగం మానేసిన తరువాత పడే వడ్డీ పన్ను పరిధిలోకి వస్తుంది. మీ కొత్త జీతంతో అది రిబేటు లోపలే ఉంటుంది గనుక తొందరపడి తీసుకోవలసిన అవసరం లేదు. తీసుకుని ఖర్చు పెట్టేకంటే ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

కంపెనీలో ఈ ఏడాది వచ్చిన జీతం వివరాలను మీ కొత్త డీడీవోకు (జీతం బిల్లు పెట్టే అధికారికి) తప్పకుండా ఇవ్వండి. రెండు చోట్లా విడివిడిగా లెక్క వేస్తే రెండు చోట్లా స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు, రిటర్నులో అది బయటపడి ఇబ్బంది అవుతుంది. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే రెండు జీతాలూ కలిపి తొమ్మిదిన్నర లక్షల చుట్టూ తేలుతాయి. అందువల్ల ఈసారి మీ ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను పడదు.

ఫండ్ మొత్తాన్ని ఒకేసారి అమ్మితే 2 లక్షల లాభంలో 1,25,000 పోగా 75 వేల మీద 9,375, సెస్సు 375, మొత్తం 9,750 కట్టాలి. దీనికి రిబేటు వర్తించదని పైనే రాశాను. మరమ్మతు వానకాలం లోపు అయితే చాలనుకుంటే, లక్ష లాభం వచ్చేన్ని యూనిట్లను మార్చి మూడో వారంలో అమ్మండి, మిగిలినవాటిని ఏప్రిల్ మొదటి వారంలో అమ్మండి. రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ పరిమితి లోపలే ఉంటారు, పన్ను పడదు. మార్చి 31 దాకా ఆగవద్దు, యూనిట్ల ధర ఏ తేదీన ఖరారైందన్నదే లెక్కకు వస్తుంది.